విశాఖలో పక్షుల్ని చూడాలంటే కెమెరా కొనాలా? చూస్తే వాటికేమైనా మేలు జరుగుతుందా?

మీరు అడిగింది ఇదీ: మధురవాడలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు. ఈ మధ్యే పక్షుల మీద ఆసక్తి కలిగింది. ఏడేళ్ల పాప కూడా వస్తానంటోంది. పెద్ద లెన్సు ఉన్న కెమెరా కొనాలా, ఈ అక్టోబరులో ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు. చివర్లో ఇంకో మాట అడిగారు. ఇలా చూస్తూ తిరిగితే ప్రకృతికి నిజంగా ఏమైనా ఒరుగుతుందా, లేక ఇది మన సరదా మాత్రమేనా అని. నాకు అసలు ప్రశ్న అదే అనిపించింది.

ముందు సూటిగా చెప్పేస్తాను. కెమెరా అక్కర్లేదు. బైనాక్యులర్స్, ఒక నోట్‌బుక్ చాలు. ఇంటికి దగ్గర్లో ఒక చోటు ఎంచుకుని ఏడాది పొడవునా అక్కడికే మళ్లీ మళ్లీ వెళ్లండి. చూసిన ప్రతి పక్షినీ, కాకితో సహా, తేదీ వేసి రాయండి. రాసింది నలుగురికీ పనికొచ్చే చోట పెట్టండి. అలా చేస్తే మేలు జరుగుతుంది, నా అనుభవంలో జరిగింది కూడా. చూసి, ఫొటో తీసి, మర్చిపోతే మాత్రం అది మన ఆనందం దగ్గరే ఆగిపోతుంది. ఆ ఆనందం తప్పని నేననను, అదే లేకపోతే తెల్లవారుజామున ఎవరూ లేవరు. కానీ మీరు అడిగింది అంతకంటే పెద్ద విషయం కాబట్టి వివరంగా రాస్తున్నాను.

కెమెరా ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. కొత్తలో కెమెరా చేతిలో ఉంటే చూపంతా ఫ్రేమ్ మీదే ఉంటుంది. పిట్ట ఏం తింటోంది, ఎవరిని తరుముతోంది, ఏ కొమ్మ మీదికి పుల్ల మోసుకెళ్తోంది, ఇవేవీ కంటికి ఆనవు. మంచి ఫొటో రావాలంటే దగ్గరికి వెళ్లాలి, దగ్గరికి వెళ్తే అది ఎగిరిపోతుంది. గూట్లో పిల్లలున్న పక్షి అయితే మనం కదిలేదాకా మేత పట్టుకుని పక్క చెట్టు మీదే కూర్చుండిపోతుంది. ఒకట్రెండేళ్లు కళ్లతో చూశాక కెమెరా కొనుక్కుంటే, దాన్ని ఎప్పుడు దించేయాలో మీకే తెలుస్తుంది.

బైనాక్యులర్స్‌లో 8×42 తీసుకోండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందున్న అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 10 రెట్లది ఇంకా బాగా కనిపిస్తుందని షాపులో చెబుతారు. కానీ దాంతో చేతి వణుకు కూడా పెరుగుతుంది, చూపు పట్టే మేర తగ్గుతుంది. ఆకుల మధ్య ఎగిరే చిన్న పిట్టను అందులో పట్టుకోవడం కొత్తవాళ్లకి కష్టం. పాపకి 42 బరువవుతుంది, 6×30 లాంటి తేలికైనది ఇవ్వండి. పాపతో పక్షుల పేర్లు బట్టీ పట్టించొద్దు. "అది ఏం చేస్తోంది?" అని అడగండి చాలు, మీకంటే తనే ఎక్కువ చూస్తుంది.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి? మీ అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద.

ఇది మీకు నిరుత్సాహంగా అనిపించొచ్చు. అయినా ఈ అక్టోబరులో టెర్రస్ ఎక్కి కరెంటు తీగల వంక చూడండి. తోక రెండుగా చీలి, గొంతు దగ్గర ఎర్రటి మచ్చ ఉన్న చిన్న పిట్టలు వరసగా కూర్చుని ఉంటే అవి బార్న్ స్వాలోలు, చలికాలం గడపడానికి ఉత్తరాది నుంచి వచ్చిన వలస పక్షులు. కంచె మీద ఒంటరిగా కూర్చుని కర్కశంగా అరిచే గోధుమ రంగు పిట్ట, కంటి మీద నల్లటి గంతలా గీత ఉన్నది, బ్రౌన్ ష్రైక్. అదీ వలస పక్షే. సాధారణంగా చలికాలమంతా ఒకే చోటును తనదిగా కాచుకుని ఉంటుంది. రేపు చూసినా, సంక్రాంతికి చూసినా ఆ చుట్టుపక్కలే దొరుకుతుంది. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పక్షి మీ వాచ్‌మన్ గది పక్కనున్న కంచెనే ఎంచుకుందని తెలిశాక, ఆ కంచె మీదున్న పొదను కొట్టేస్తామంటే మీరే అడ్డుపడతారు. నేను చెప్పే మేలు అక్కడే మొదలవుతుంది.

ఏ పక్షో తెలియనప్పుడు మొదట రంగు చూడొద్దు, ఎండలో నీడలో రంగులు మారిపోతాయి. పిచ్చుకంత ఉందా, గోరింకంత ఉందా, కాకంత ఉందా అని పరిమాణం చూడండి. తర్వాత ముక్కు, తర్వాత అది ఎక్కడ ఏం చేస్తోంది. రంగు ఆఖర్న. ఫోన్లో మెర్లిన్ అనే ఉచిత యాప్ ఉంది, కూత విని పేరు చెబుతుంది. బాగా పనికొస్తుంది, కానీ అది చెప్పిందని కళ్లతో చూడకుండా రాసేయకండి. ఏట్రింత, అదే నల్లగా పొడుగు తోకతో తీగల మీద కూర్చునే డ్రాంగో, షిక్రా డేగ అరుపును అచ్చంగా అనుకరిస్తుంది. యాప్ డేగ అంటుంది, చెట్టు మీద చూస్తే ఏట్రింత ఉంటుంది.

టెర్రస్ అలవాటయ్యాక మీకు దగ్గర్లోనే కంబాలకొండ ఉంది. సుమారు 71 చదరపు కిలోమీటర్ల అడవి, 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. ఊరిని ఆనుకుని ఇలాంటి అడవి ఉన్న నగరాలు మన దేశంలో తక్కువ. అక్కడ తోకపిగిలి పిట్టను చూడండి, మగది ముదిరితే తెల్లటి రిబ్బన్లు వెంట లాక్కుంటూ ఎగురుతుంది. ఎండాకాలం ముదిరాక పొద్దున్నే, సాయంత్రం చీకటిపడే ముందు రెండు స్వరాల ఈల వినిపిస్తే అది పొన్నంగి పిట్ట, ఇండియన్ పిట్టా అంటారు. నేల మీద ఎండుటాకులు తిరగేస్తూ ఉంటుంది కాబట్టి కదలకుండా నిలబడితేనే కనిపిస్తుంది. ఆ అడవిలో చిరుతలున్నాయి. పాపతో వెళ్లినప్పుడు బాట దిగొద్దు, చీకట్లో వెళ్లొద్దు, ఎవరో ఒకరి తోడు లేకుండా లోపలికి వెళ్లొద్దు.

బీచ్ విషయంలో విశాఖ వాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. మన సముద్రం తూర్పున ఉంది. పొద్దున్నే బీచ్‌కి వెళ్లి నీటి వైపు చూస్తే సూర్యుడు కళ్లల్లోకి కొడతాడు, పక్షులన్నీ నల్లటి బొమ్మల్లా కనిపిస్తాయి, ఏది ఏదో చెప్పలేం. సముద్ర పక్షుల్ని సాయంత్రం చూడండి. అప్పుడు ఎండ మన వీపు వెనక నుంచి, కొండల వైపు నుంచి పడుతుంది. సీగల్స్ కాళ్ల రంగు, ముక్కు చివర రంగు కూడా తెలుస్తాయి, ఏది ఏ సీగల్‌లో గుర్తుపట్టడానికి ఆ రంగులు బాగా పనికొస్తాయి. భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే చోటుకి పాటు సమయంలో వెళ్లాలి, నీరు వెనక్కి తగ్గి బురద బయటపడినప్పుడు. ఉల్లంకి పిట్టలు ఆ బురదలో పురుగుల కోసం దిగుతాయి. పోటు మీదున్నప్పుడు వెళ్తే దూరంగా గుంపుగా నిద్రపోతూ ఉంటాయి. సమయం అక్కడి జాలర్లని అడిగితే చెబుతారు.

కొండకర్ల ఆవ అనే చెరువుకి ఒక చలికాలం ఆదివారం వెళ్లండి. అచ్యుతాపురం దగ్గర, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. తామరాకుల మీద నడిచే జకానాలు పాపకి తప్పకుండా నచ్చుతాయి. పొడవాటి వేళ్లతో బరువంతా పరుచుకుని, ఆకు మునగకుండా నడుస్తాయి. వాటిలో గుడ్లు పొదిగేదీ పిల్లల్ని సాకేదీ తండ్రి అని పాపకి చెప్పండి. అక్కడ తాటి మాను దోనెల్లో తిప్పుతారు. దోనె నడిపే అతన్ని పక్షుల గుంపులోకి తీసుకెళ్లమని మాత్రం అడగకండి. డబ్బులిచ్చాం కదా అని దగ్గరికి పోనిమ్మనే వాళ్ల వల్ల ఒక్కో పొద్దున అక్కడి వలస బాతులు నాలుగైదు సార్లు లేచి మళ్లీ దిగడం నేను చూశాను. అంత దూరం నుంచి వచ్చి ఒళ్లు కూడదీసుకుంటున్న పక్షికి ప్రతిసారీ లేవడం అంటే తిన్నది ఖర్చైపోవడమే.

ఇక మీ అసలు ప్రశ్న.

ఈబర్డ్ అని ఒక వెబ్‌సైటు, యాప్ ఉన్నాయి, అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధన కేంద్రం నడుపుతుంది. మన దేశంలో బర్డ్ కౌంట్ ఇండియా వాళ్లు దీన్ని ప్రోత్సహిస్తారు. కనీసం 15 నిమిషాలు ఒక చోట చూసి, గుర్తుపట్టిన పక్షులన్నీ ఎన్నున్నాయో వేసి పెట్టాలి. అన్నీ అంటే అన్నీ. చాలామంది అరుదైనవి రాసి కాకిని, గోరింకని, పావురాన్ని వదిలేస్తారు. కానీ ఈ లెక్క నడిచేది, పెట్టిన వంద జాబితాల్లో ఎన్నింట్లో ఆ పక్షి ఉందన్న దాని మీద. పదేళ్ల కిందట వందకి అరవై జాబితాల్లో ఉన్న పక్షి ఇప్పుడు ముప్పైలోనే ఉంటే అది తగ్గుతోందని అర్థం. మీరు మామూలు పక్షుల్ని రాయకపోతే అవి ఉన్నా లేనట్టే అవుతాయి.

ఇలా మామూలు జనం పెట్టిన జాబితాల మీదే 2023లో దేశంలోని పక్షుల స్థితిపై నివేదిక వచ్చింది. ముప్పై వేలకు పైగా పక్షి ప్రియులు రాసిన దాదాపు మూడు కోట్ల నమోదుల నుంచి 942 జాతుల పరిస్థితి చూశారు. దీర్ఘకాలపు లెక్క తేల్చగలిగినవి 338 జాతులు, వాటిలో 60 శాతం తగ్గుతున్నాయని తేలింది. దసరా నాడు మనం వెతికి చూసే పాలపిట్ట కూడా తగ్గుతున్న వాటిలో ఉంది. నెమలి, కోకిల, పావురం మాత్రం పెరుగుతున్నాయి. పాలపిట్ట తగ్గుతోందని ఊళ్లలో పెద్దలు ఎప్పటినుంచో అంటున్నారు. ఇప్పుడు ఆ మాటకి అంకెలు తోడయ్యాయి, ఆ అంకెలు ఉద్యోగం చేసుకుంటూ పొద్దున ఓ అరగంట చూసిన మనలాంటి వాళ్లు ఇచ్చినవే.

విశాఖకే చెందిన ఇంకో ఉదాహరణ కె.ఎస్.ఆర్. కృష్ణరాజు. ఈ ఊళ్లో ఉంటూ మన తూర్పు కనుమల పక్షుల్ని అధ్యయనం చేశారు. అబాట్స్ బాబ్లర్ అనే పొదల పిట్ట ఈశాన్య రాష్ట్రాల్లో, ఆగ్నేయాసియాలో ఉంటుంది. దాని గుంపు ఒకటి మిగతావాటికి ఎంతో దూరంగా, విడిగా మన కనుమల్లో ఉంది. దాన్ని ప్రత్యేక ఉపజాతిగా గుర్తిస్తూ 1985లో రిప్లీ, బీలర్ అనే శాస్త్రవేత్తలు కృష్ణరాజు పేరే పెట్టారు. మన్యం కొండల్లో తడి తగ్గి అడవి పలచబడితే ఆ పిట్ట ఎగిరిపోయి ఉండటానికి పక్కన ఇంకో అడవి లేదు. అరకు, అనంతగిరి వెళ్లినప్పుడు కాఫీ తోటల్లో నీడకి పెద్ద చెట్లు ఎందుకు ఉండాలని ఎవరైనా అడిగితే నేను ఈ పిట్ట సంగతి చెబుతాను.

మీ కాలనీ స్థాయిలో ఏం జరుగుతుందో కూడా చెబుతాను. మా వీధిలో పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఒకటుంది. వానాకాలంలో గుడ్డి కొంగలు, నీటికాకులు దాని మీద గూళ్లు పెడతాయి. కింద కార్ల మీద రెట్టలు, వాసన. జూలైలో కొమ్మలన్నీ కొట్టించాలని అసోసియేషన్‌లో తీర్మానం పెట్టారు. "పాపం పక్షులు" అంటే అక్కడ ఎవరూ వినరు, ఎవరి ఇబ్బంది వాళ్లది, అందులో న్యాయం ఉంది కూడా. నేను నా నోట్‌బుక్ తీసుకెళ్లాను. ఏ నెలలో గూళ్లు మొదలయ్యాయి, పిల్లలు ఎప్పుడు బయటికొచ్చాయి, ఏ నెలకి చెట్టు ఖాళీ అయింది, వరసగా కొన్నేళ్ల వివరాలు తేదీలతో ఉన్నాయి. నవంబరు చివరికి గూళ్లు ఖాళీ అవుతాయి, అప్పుడు అవసరమైన కొమ్మలే కొట్టండి, ఈలోగా కార్లు అటు పెట్టుకుందాం అన్నాను. ఒప్పుకున్నారు. ఇప్పుడు కొమ్మలు కొట్టాలంటే ముందు నన్ను అడుగుతున్నారు. వాళ్లు మెత్తబడింది నా ప్రేమ చూసి కాదు, తేదీ చెప్పగలిగినందుకు.

ఇంకోసారి ఆనందపురం వైపు ఒక లేఅవుట్‌లో తీతువు పిట్ట కంకర మధ్య నాలుగు గుడ్లు పెట్టింది. ఆ గుడ్లు రాళ్లలాగే ఉంటాయి, పక్కనే నిలబడినా కనిపించవు. మర్నాడు రోలర్ రావాల్సి ఉంది. అక్కడి మేస్త్రీకి బైనాక్యులర్స్ ఇచ్చి దూరం నుంచి చూపించాను. ఆయన ఏమీ మాట్లాడకుండా వెళ్లి, చుట్టూ నాలుగు కర్రలు పాతి దారం కట్టించాడు. పొదగడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుందంటే "ఆ మూల ఆఖర్న చేసుకుంటాం లెండి" అన్నాడు. పనివాళ్లకి, జాలర్లకి, పశువులు కాసే వాళ్లకి పక్షులంటే లెక్కలేదని మనం అనుకుంటాం గానీ, చూపిస్తే మనకంటే ముందు వాళ్లే స్పందిస్తారు.

ప్రతిసారీ గెలవం. ఊరి శివార్లో నేను ఎన్నో చలికాలాలు చూసిన ఒక కుంట మట్టితో పూడిపోయింది. జాబితాలు చూపించాను, అర్జీలు పెట్టాం, ఆగలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. కానీ అక్కడ ఏయే పక్షులు ఉండేవో తేదీలతో సహా నమోదై ఉంది. దాని పక్కనున్న ఇంకో కుంట గురించి మాట్లాడేటప్పుడు, "అక్కడ ముందు నుంచీ ఏమీ లేదు" అని ఎవరూ అనలేకపోయారు.

ఇంటి దగ్గర చేయగలిగినవి కొన్ని చెబుతాను, వీటిలో కొన్ని మీరు అనుకున్నదానికి భిన్నంగా ఉండొచ్చు. నీళ్లు పెట్టండి, రెండంగుళాల లోతు మట్టి మూకుడులో, మధ్యలో ఒక రాయి వేసి. రోజూ కడిగి మార్చాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి, మన ఊళ్లో డెంగీ సంగతి తెలిసిందే. గింజలు మాత్రం గుట్టలుగా పోయకండి. వాటికి ఎక్కువగా వచ్చేవి పావురాలు, అవి ఇప్పటికే ఎక్కువయ్యాయి, వాటి రెట్టల ధూళితో ఊపిరితిత్తుల జబ్బులు కూడా వస్తాయి. అంతకంటే ఖాళీ స్థలం ఉంటే రావి, జువ్వి, మేడి, నేరేడు, కానుగ లాంటి మన చెట్లు ఒకటో రెండో పెంచండి. ఒక్క మేడి చెట్టు పండితే కోకిలలు, పికిలి పిట్టలు, టుక్ టుక్ మనే కంసాలి పిట్టలు వాటంతటవే వస్తాయి.

కారు అద్దాన్ని తేనెపిట్ట పొడుస్తుంటే దాని నీడనే శత్రువనుకుని పోట్లాడుతోందని అర్థం, అద్దం మీద గుడ్డ కప్పండి. పెద్ద గాజు కిటికీలకు పక్షులు గుద్దుకుంటుంటే బయటి వైపు రెండంగుళాలకొకటి చొప్పున చుక్కల స్టిక్కర్లు అంటించాలి. ఒక్క డేగ బొమ్మ అంటిస్తే సరిపోదు. సంక్రాంతికి నైలాన్ మాంజా మీ బ్లాకులో ఎవరూ కొనకుండా చూడండి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా పండగ తర్వాత చెట్లకు వేలాడుతూ పక్షుల రెక్కలు కోస్తూనే ఉంటుంది. పండగ అయ్యాక పిల్లలందరితో ఆ దారాలు ఏరించండి.

రామచిలుకని పంజరంలో పెంచడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, అది మన రాష్ట్ర పక్షి కూడా. ఎవరింట్లోనైనా కనిపిస్తే ముందు మంచిగా చెప్పండి, చాలామందికి తెలియదు. రెక్కలు కత్తిరించిన చిలుకని మీరే వదిలేయకండి, బతకదు. అటవీ శాఖకి అప్పగించాలి.

నేల మీద పడిన పిల్లపక్షి విషయంలో తొందర వద్దు. ఈకలు వచ్చి గెంతుతూ ఉంటే అది ఎగరడం నేర్చుకుంటోంది, తల్లి దగ్గర్లోనే ఉంటుంది. పిల్లి, కుక్క రాకుండా పొద మీద పెట్టి దూరంగా వచ్చేయండి. ఈకలే రాని గుడ్డుపిల్ల అయితే గూడు అందేటట్టుంటే తిరిగి పెట్టండి. మనిషి తాకితే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు.

ఫోన్లో కూత పెట్టి పక్షిని పిలవకండి. కొందరు బర్డర్లే ఇది చేస్తారు. మగ పక్షి తన చోటుకి పోటీదారుడు వచ్చాడని మేత మాని, గూడు వదిలి, అరుస్తూ తిరుగుతుంది. అలాగే గుడ్లగూబ గూడు, గద్ద గూడు ఎక్కడుందో గ్రూపుల్లో లొకేషన్ పెట్టకండి. మర్నాటికి అక్కడ పది మంది ఉంటారు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: ఈ ఆదివారం పొద్దున్నే ఆరింటికి పాపతో టెర్రస్ మీద పావుగంట. ఫిబ్రవరిలో నాలుగు రోజుల గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్, అంటే ఎవరి చోట వాళ్లు పక్షుల్ని లెక్కపెట్టే కార్యక్రమం, వస్తుంది, అప్పటికి మీ చెయ్యి తిరుగుతుంది, మీ అపార్ట్‌మెంట్ పిల్లలందర్నీ అందులో కలపొచ్చు. గుర్తుపట్టలేని పిట్ట ఉంటే ఇక్కడే రాయండి. దేనంత ఉంది, ముక్కు ఎలా ఉంది, ఎక్కడ కూర్చుని ఏం చేస్తోంది, ఏ టైములో చూశారు, ఇవి చెబితే ఫొటో లేకపోయినా చాలావాటికి పేరు చెప్పగలను.